రావుగారి తపస్సు

నా చేతుల మీదుగా చిన్నాచితకా ప్రమాదాలు చాలానే జరిగాయి. కానీ ఒక పిల్లిని చావు అంచుదాకా పంపుతూ, దారి పొడవునా దాన్ని పొగిడింది మాత్రం ఒక్కసారే.

మదీనాగూడలో నేను అద్దెకుంటున్న ఫ్లాట్‌కి అసలు యజమాని ఒక బూడిదరంగు మగపిల్లి. పేరు రావుగారు. ఆ మొహం చూశాక ‘గారు’ తీసేసే ధైర్యం ఎవరికీ రాదు.

నేను ఇంటినుంచి పనిచేస్తున్న ఒక సోమవారం, రావుగారు కీబోర్డు తొక్కడం మానేసి, మూలన వీపు గూనిలా వంచి, కాళ్ళు ముడుచుకుని, కళ్ళు అరమోడ్చి కూర్చున్నారు. చెవులు పక్కలకు వాలాయి. గొంతులో సన్నగా గుర్రు. మధ్యమధ్య ఇసుక తొట్టిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చుని, ఇసుక తడవకుండానే తిరిగొచ్చేవారు. ఏం పొదుపు! (నవ్వండి, ఫరవాలేదు. అప్పటికే నాకు ఇంజనీరింగ్ పట్టా ఉంది.)

ఆనందం పట్టలేక టీమ్ కాల్‌లో కెమెరా అటు తిప్పాను. “చూడండి, పొద్దున్నుంచీ తపస్సు. తిండి కూడా ముట్టలేదు. మనమేమో మీటింగ్‌లో కాసేపు కుదురుగా కూర్చోలేం.”

ఇంట్లో పిల్లుల్ని పెంచే మా స్వప్న మొహం స్క్రీన్ నిండా పరుచుకుంది. “అన్నా, అది తపస్సు కాదు. ఉచ్చ పోసిండా?”

“పదేపదే వెళ్తున్నారమ్మా. చాలా శుభ్రమైన మనిషి.”

“పోతుండు సరే, పోస్తుండా?”

“అది... చూడలేదు. కానీ హాయిగా గుర్రుమంటున్నారుగా!”

“నొప్పికి గూడ గుర్రుమంటయ్! మగపిల్లికి ఉచ్చ బందైతే పాణం మీదికొస్తది. ఇగ లే, దవాఖానకు ఉరుకు!”

ఎత్తుకుంటే నా చేతిమీద గోళ్ళతో సంతకం చేయడం రావుగారి అలవాటు. ఆ రోజు గోరు విప్పలేదు. అప్పుడు పుట్టింది భయం.

“మూత్రనాళం మూసుకుపోయింది. ఇంకా ఆగితే దక్కేది కాదు,” అన్నారు డాక్టరుగారు.

“అంత ప్రశాంతంగా కూర్చున్నారండీ!”

“పిల్లులు నొప్పి దాచుకుంటాయండీ. అలా ముడుచుకుని కూర్చోవడమే వాటి ఏడుపు.”

నేను తలనొప్పికే సెలవు పెట్టే మనిషిని. రావుగారి మీద గౌరవం మరో మెట్టెక్కింది.

గొట్టం వేసి, తీసి, ఇంటికి పంపుతూ డాక్టరుగారు చెప్పారు: “ఇక తనంతట తను పోస్తేనే గట్టెక్కినట్టు. లేదంటే వెంటనే తెచ్చేయండి.”

మర్నాడు క్లయింట్‌తో మీటింగ్. నాకొక కన్ను స్క్రీన్ మీద, ఒక కన్ను తొట్టి మీద. రావుగారు లేచారు. తొట్టిని దాటేశారు. తెరిచి ఉన్న నా కొత్త లాప్‌టాప్ సంచిలోకి దిగి, కూర్చున్నారు. జలపాతమే!

“పోశారు! రావుగారు పోసేశారు!” కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాను.

అవతలినుంచి స్వప్న గొంతు: “ముబారక్ అన్నా. జర మైక్ బంద్ చెయ్యి. క్లయింట్ గూడ చూస్తుండు.”

కాబట్టి, తడిసిన ఆ సంచి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కదలక మెదలక కూర్చున్న ఏ ప్రాణినీ, పిల్లి కానివ్వండి, మీటింగ్‌లో మా మేనేజరు కానివ్వండి, ఇకపై పొగడను. ముందుగా స్వప్న అడిగిన ప్రశ్నే అడుగుతాను.