కోసి కుట్టిన పుస్తకాలు

బడి తెరిచిన కొత్తలోనే మొదలైన నడుంనొప్పిని విదాద్ ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు. చెబితే అమ్మ హూరియా ఏమంటుందో ఆమెకు ముందే తెలుసు. ఇంటి వెనకే హైస్కూలు ఉండగా ఊరు దాటి పోవడమెందుకు, ఇక్కడే చేరు అంటుంది. ఇంటి వెనక హైస్కూల్లో లెక్కల విభాగం లేదు. అది ఉన్నది కాన్‌స్టంటీన్ నగరపు పాత ఊరి చివర, లోయకి అవతల గట్టున. విదాద్‌కి కావలసింది లెక్కలే. పదహారేళ్ళ పిల్లకి ఆ ఒక్క విషయంలో మాత్రం ఏ తడబాటూ లేదు.

చీకటి విడవకముందే ట్రామెక్కాలి. కూర్చోడానికి చోటు దొరికితే ఆ రోజు పండగే. దిగాక ఎగుడుదిగుడు రాళ్ళ సందుల్లో నడిచి, లోయ మీది నడకవంతెన దాటి, ఆపైన మెట్లు ఎక్కాలి. వంతెన గాలికి ఊగుతుంది. ఫిజిక్సు, లెక్కలు, అరబిక్, ఫ్రెంచి, చరిత్ర ఒకే రోజు పడ్డాయంటే ఆ పుస్తకాలన్నీ, వాటి నోటు బుక్కులూ, క్లాసులో వేసుకోవాల్సిన తెల్లకోటూ, నీళ్ళ సీసా, ఆలివ్ కాయలు పెట్టిన రొట్టె, అన్నీ వీపు మీదే. మెట్ల సగంలో ఆగి, బూటు సర్దుకుంటున్నట్టు నటించేది. వెనకొచ్చేవాళ్ళు దాటిపోయాక మళ్ళీ కదిలేది.

ఒకరోజు ఆ నటన ఇంట్లోనే నిజమైంది. లేసులు కట్టుకోవడానికి వంగింది, తిరిగి లేవలేకపోయింది. గోడకి చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. నాన్నమ్మ జులైఖా కాఫీ గ్లాసుతో అటుగా వచ్చింది.

"నేల మీద ఏం పారేసుకున్నావే?"

"ఏం లేదు నాన్నమ్మా."

"ఏం లేనిదాన్ని ఇంతసేపు వెతుకుతారా?"

గ్లాసు కింద పెట్టి ముసలావిడే మనవరాలి లేసులు కట్టింది. భుజాలు పట్టి మెల్లగా నిలబెట్టింది. తర్వాత వంటింటి వైపు తిరిగి, "హూరియా, నీ కూతురు నాకంటే ముసలిదైపోయింది, వచ్చి చూసుకో," అని కేకేసింది.

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. సంచీని ఒంటిచేత్తో ఎత్తబోయి రెండో చెయ్యి కూడా వేశాడు. "వెన్ను కొద్దిగా పక్కకి వంగింది. ఎదిగే వయసులో కొందరికి ఇలా అవుతుంది. సంచీ వల్ల వచ్చింది కాదుగానీ సంచీ దాన్ని ఏడిపిస్తోంది," అన్నాడు. రోజూ చేయాల్సిన వ్యాయామాలు చూపించాడు. మోసే బరువు సగానికి సగం తగ్గాలన్నాడు.

బయటికి రాగానే హూరియా తేల్చేసింది. "శీతాకాలం సెలవుల దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే బడి మారుస్తాను. ఏడ్చినా వినను, అలిగి తిండి మానేసినా వినను."

"ఏడవను," అంది విదాద్. "తిండీ మానను. గడువిచ్చావు, చాలు."

మేనమామ దగ్గర చక్రాల సంచీ ఒకటి ఉంటే అడిగి తెచ్చుకుంది. ట్రామ్‌లో బాగానే ఉంది. పాత ఊరి రాళ్ళ మీద పడేసరికి సందంతా దడదడలాడింది. కాఫీ కొట్టు అరుగు మీది కుర్రాళ్ళకి ఆ పొద్దుటికి కాలక్షేపం దొరికింది.

"హజ్జమ్మగారూ, మక్కాకేనా ప్రయాణం? వచ్చేటప్పుడు జంజం బావి నీళ్ళు తెండి."

"తెస్తాలే. నీ నోరు కడగడానికి పనికొస్తాయి," అంది విదాద్ ఆగకుండానే.

మాటలకి ఆమె జంకలేదుగానీ మెట్లకి జంకింది. మెట్ల దగ్గర దాన్ని చేత్తో ఎత్తాల్సిందే, అప్పుడు బరువంతా ఒక పక్కకే లాగేది. నొప్పి నడుం నుంచి తొడలోకి దిగింది. వారం తిరక్కుండానే చక్రం ఒకటి రాళ్ళ మధ్య ఇరుక్కుని విరిగింది. సంచీని మేనమామకి తిరిగిచ్చేసింది, ఆయన విసుక్కున్నాడు.

తర్వాత పక్కన కూర్చునే రుఫైదాతో ఒప్పందం పెట్టుకుంది. ఫిజిక్సు పుస్తకం నువ్వు తే, లెక్కలది నేను తెస్తా, ఇద్దరం కలిసి చూసుకుందాం అని. బాగా నడుస్తోందనుకునేలోగా రుఫైదాకి జ్వరమొచ్చింది. ఫిజిక్సు క్లాసులో విదాద్ పుస్తకం లేకుండా చిక్కింది. గంటంతా బోర్డు పక్కన నిలబడింది.

"జ్వరం రావడం నా తప్పా?" అంది రుఫైదా, తిరిగొచ్చాక.

"నీ తప్పని ఎవరన్నారు? జ్వరం నీకు, నిలబడ్డం నాకు, అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. స్నేహం మిగిలింది, ఒప్పందం పోయింది. కాకపోతే రుఫైదా ఇల్లు బడి పక్క సందులోనే. విదాద్ తెల్లకోటు ఇక ఆ ఇంట్లోనే ఉతికి ఆరేసేవాళ్ళు. ఆ కాస్త బరువు తగ్గింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అందరూ కుస్కుస్ తిని కునుకు తీస్తున్నారు. విదాద్ ఫిజిక్సు పుస్తకం ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. ఈ వారం పాఠానికి అందులో కావలసింది పలచని ముక్క, మిగతాదంతా ఊరికే ఊరేగుతోంది. లేచి వంటింట్లోంచి పదునైన కత్తి తెచ్చింది.

నాన్నమ్మ పడుకోలేదు. తలగడకి ఆనుకుని చూస్తోంది. "ఏమిటే ఆ పుస్తకం? ఖురాను కాదు కదా?"

"ఫిజిక్సు."

"అయితే కొయ్యి."

కోసింది. పాఠాల ప్రకారం ముక్కలు చేసింది. కాగితాలు ఊడిపోతాయేమోనని భయపడుతుంటే నాన్నమ్మ ఉన్ని పరుపులు కుట్టే పెద్ద సూది, దొడ్డు దారం ఇచ్చింది. విదాద్ సేమియా డబ్బాల అట్టలు కత్తిరించి, ఒక్కో ముక్కకీ అట్టేసి కుట్టింది. సూది రెండుసార్లు వేల్లోకి దిగింది. హూరియా లేచి వచ్చేసరికి లెక్కల పుస్తకం కూడా సగం అయిపోయింది.

"కొత్త పుస్తకాల్ని ఇలా చేశావేమిటి? నీకు మతి పోయిందా?"

"మతి ఉంది. నడుమే పోయింది. నీ గడువు దగ్గరపడుతోంది కదమ్మా."

హూరియా కూతురి వేలికి చుట్టిన గుడ్డ చూసి, దాన్ని విప్పి మళ్ళీ బిగించి కట్టింది.

శుక్ర, శనివారాల సెలవయ్యాక ఆదివారం ఫిజిక్సు టీచరు బెన్‌జర్రా మేడమ్ బల్లల మధ్య తిరుగుతూ విదాద్ దగ్గర ఆగింది. ఆ కుట్టిన ముక్కని రెండు వేళ్ళతో ఎత్తింది.

"ఇది పుస్తకమా, కసాయి కొట్లో తునకా?"

క్లాసు నవ్వింది.

"పుస్తకమే మేడమ్. ఈ వారం పాఠం అందులోనే ఉంది."

"నా క్లాసులోకి చింపిన పుస్తకంతో రాకూడదు. బయటికెళ్ళు."

విదాద్ బయటికెళ్ళి వరండాలో నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మకిచ్చిన మాట గుర్తొచ్చి మింగేసింది. ఆ సాయంత్రం కోయకుండా మిగిలిన పుస్తకాల్నీ, కోసిన ముక్కలన్నింటినీ, మొదట్లో మోసినట్టే సంచీలో కుక్కింది. రేపొక్కరోజు మోస్తానని నాన్నమ్మకి చెప్పింది. మర్నాడు మెట్ల మీద చాలాసార్లు ఆగింది, ఈసారి బూటు సర్దుకుంటున్నట్టు నటించలేదు. ఫిజిక్సు గంట మొదలవగానే సంచీ తీసుకెళ్ళి మేడమ్ కుర్చీ పక్కన పెట్టింది.

"మేడమ్, నా వెన్ను వంగింది. పుస్తకాలు కోయకపోతే రోజూ మోయాల్సింది ఇది. ఒక్కసారి ఎత్తి చూడండి. మామూలేనంటే రేపట్నుంచి ఇలాగే తెస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బెన్‌జర్రా మేడమ్ ముఖం కోపంతో ఎర్రబడింది. అయినా వంగి పట్టీ పట్టుకుంది. సంచీ నేల విడిచింది, వెంటనే మళ్ళీ నేలకి దిగింది. ఆమె నిటారుగా లేచి, ఒక చేత్తో తన నడుం పట్టుకుంది.

"ఎక్కణ్ణించి వస్తావు నువ్వు?"

విదాద్ చెప్పింది.

"ఆ తునకలే తెచ్చుకో. నా క్లాసుకి మాత్రమే. మిగతావాళ్ళ సంగతి నువ్వే చూసుకో." చోటుకి వెళ్ళబోతున్న విదాద్‌ని మళ్ళీ పిలిచింది. "ఇలా నా ముందు తెచ్చి పడేయడం మాత్రం మర్యాద కాదు."

"అవును మేడమ్," అంది విదాద్.

మిగతావాళ్ళ సంగతి ఆమే చూసుకుంది. ఒక్కో టీచర్ దగ్గరికీ వెళ్ళి అడిగింది. చరిత్ర మాస్టారు సరేనన్నాడు. అరబిక్ టీచరు ససేమిరా ఒప్పుకోలేదు, ఆ పుస్తకాన్ని విదాద్ చివరిదాకా మొత్తంగానే మోసింది. దాన్ని వీపుకి ఆనేటట్టు లోపలివైపు పెట్టుకుని, పట్టీలు బిగించుకునేది. వ్యాయామాలంటే ఆమెకి ఒళ్ళు మంట, అయినా ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

సెలవులకి ముందు హూరియా అంది, "నువ్వు బాగుందంటే నమ్మను. నేనే వచ్చి చూస్తాను." కూతురితో కలిసి ట్రామెక్కింది. వంతెన మీద గాలికి తలగుడ్డ పట్టుకుని, కింద లోయ చూడకుండా నడిచింది. మెట్ల దగ్గర హూరియాకే ఆయాసం వచ్చింది. విదాద్ ఆగకుండా పైదాకా ఎక్కి, వెనక్కి తిరిగి చూసింది. అమ్మ సగంలో రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. విదాద్ కిందికి దిగివెళ్ళి చెయ్యి అందించింది.

"ఇదంతా రోజూ ఎక్కుతున్నావా?"

"రోజూ."

"నొప్పి?"

"ఉంది. ఉందని ఇప్పుడు దాచను. కానీ లేవగలుగుతున్నాను, వంగగలుగుతున్నాను."

హూరియా చాలాసేపు ఊపిరి తీసుకుంది. "ఇంటి వెనక బడివాళ్ళతో మాట్లాడొచ్చాను, తెలుసా? సీటిస్తామన్నారు. పోనీలే, వాళ్ళకి వద్దని చెప్తాను," అంది. గేటు దాకా వచ్చి, కూతురి సంచీ పట్టీ ఒకటి వదులుగా ఉంటే తానే బిగించి వెళ్ళింది.

విదాద్ ఆ హైస్కూల్లోనే చదువు పూర్తి చేసింది, ఆఖరి పరీక్ష లెక్కల్లో మంచి మార్కులతో గట్టెక్కింది. ఇప్పుడు అన్నాబా నగరంలో ఇంజినీరింగు చదువుతోంది. వెన్ను మరింత వంగలేదుగానీ ఉన్న వంపు పోలేదు. చలి రోజుల్లో నొప్పి తిరగబెడుతుంది. అలాంటప్పుడు పాఠం మధ్యలో లేచి, వెనక గోడకి ఆనుకుని నిలబడి నోట్సు రాసుకుంటుంది. మొదట్లో చెయ్యెత్తి అనుమతి అడిగేది. ఇప్పుడు ఊరికే లేచి వెళ్ళి నిలబడుతుంది, ఎవరూ ఏమీ అనరు.