జర్మన్ మాస్టారి పాటలో నా వంతు

మొన్న శనివారం మా తోడికోడలి కోడలికి శ్రీమంతమంటే పిస్కాటవే అవతల ఏదో ఫంక్షన్ హాలుకి వెళ్ళాం. ఫోను చెప్పిన దారినే మావారు కారు పోనిస్తున్నారు, నేను గాజుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాను, ఎక్కడికి వెళ్తున్నామో కూడా చూసుకోలేదు. తీరా దిగి గుమ్మంలో అడుగు పెట్టేసరికి కాళ్ళు ఆగిపోయాయి. గోడలకి కొత్త రంగులు వేశారు, బారు ఉండే చోట బఫే బల్లలు పరిచి గోంగూర పచ్చడీ పులిహోరా సర్దుతున్నారు, కానీ ఆ చెక్క నేల మాత్రం అదే. వేదికకి ఎడమ పక్కన ఒక పలక మీద కాలు పెడితే కిర్రుమనేది. చుట్టూ ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక వెళ్ళి తొక్కి చూశాను. కిర్రుమంది. మావారు వెనకనుంచి వచ్చి, "ఏంటి, ఇది మీ జర్మన్ క్లబ్బే కదూ?" అన్నారు. ఔనని తలాడించాను.

రెండువేల ఒకటిలో నేను ఈ దేశం వచ్చేనాటికి నాకు ముప్ఫై దాటాయి, తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరుని. బజారుకి వెళ్తే కూరగాయల వాడు కూడా "టీచరుగారూ" అని పిలిచి నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసేవాడు. అలాంటిదాన్ని ఇక్కడికొచ్చాక డిపెండెంట్‌ని అయ్యాను. నా ఈడు ఆడవాళ్ళు ఎంతమందో హెచ్-ఫోర్ వీసా మీద, మొగుళ్ళ వెనకాల వచ్చి ఈ మాట మోసినవాళ్ళే, మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగం చేయకూడదు, పైసా సంపాదించకూడదు, మావారి ఉద్యోగం ఉంటే నేనున్నట్టు, అది పోతే నేనూ లేనట్టు. పొద్దున్నే ఆయన కారు తీసుకుని వెళ్ళిపోయేవారు, పాపని స్కూలు బస్సు ఎక్కించి వచ్చి తలుపు వేసుకుంటే మళ్ళీ మధ్యాహ్నం దాకా హీటరు రొద తప్ప మనిషి గొంతు ఉండేది కాదు. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద నడిచే ప్రాణి కనపడదు, కార్లే కార్లు. ఏడుపొచ్చేది, ఏడ్చేదాన్ని కూడాను, దాచుకోవడమెందుకు. ఏడుపయ్యాక గొంతు విప్పి పాడుకునేదాన్ని.

ఒకరోజు చారులో పోపు పెడుతుంటే పొగకి అలారం మోగడం మొదలెట్టింది. తువ్వాలుతో విసురుతున్నాను, అది ఆగదు, అపార్ట్‌మెంటు ఎగిరిపోయేలా అరుస్తోంది. పక్కింటి పెద్దావిడ చీపురుకర్ర పట్టుకొచ్చి దాన్ని ఒక్క పోటు పొడిచి నోరు మూయించింది. జుట్టు ముగ్గుబుట్ట, మనిషి మాత్రం నిటారు. నేను థాంక్స్ ఆంటీ అన్నాను. తనకి తోబుట్టువులే లేరనీ, ఎవరికీ అత్తో పిన్నో అయ్యే అవకాశం లేదనీ ఆవిడ చాలా సీరియస్‌గా చెప్పింది. మాలో పెద్దవాళ్ళందర్నీ అలాగే పిలుస్తామని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకున్నాను. కాసేపు ఆలోచించి, సరే కానీయమంది. ఆ తరువాత అసలు సంగతికి వచ్చింది: గోడకి అవతలనుంచి రోజూ పాట వినపడుతోంది, అది నువ్వేనా అని.

ఆంటీ రిటైరైన స్కూలు టీచరు. పూర్వం జర్మనీ నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు కట్టుకున్న క్లబ్బొకటి ఉండేది, దాంట్లో నాలుగు గొంతుల పాటగుంపుని ఆవిడ నడిపేది. పై గొంతూ కింది గొంతూ ఆడవాళ్ళవి, మరో రెండు మగవాళ్ళవి. కింది గొంతుని ఆల్టో అంటారు, అందులో పాడేవాళ్ళలో ఒకరు ఫ్లారిడా వెళ్ళిపోయారట. గురువారం సాయంత్రాలు తన పాత కారులో నన్ను ఎక్కించుకుని తీసుకెళ్తానంది. ఇల్లు కదలడమంటే చాలు, ఎక్కడికని కూడా అడక్కుండా ఒప్పుకున్నాను.

మొదటిరోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆవిడ పియానో మీద ఒక మెట్టు నొక్కి, ఇది పట్టుకో, కదలకు అంది. పట్టుకున్నాను. మిగిలినవాళ్ళు అటూ ఇటూ ఏదో పాడుకుంటున్నారు. పాపం శ్రుతి కలుపుకుంటున్నారు కాబోలు, తంబూరా లేదు కదా, నన్ను తంబూరాగా నిలబెట్టారు అనుకుని, నేను ఒద్దికగా ఆ స్వరం మీదే నిలిచి పాట ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తున్నాను. ఇంతలో అందరూ ఆపేసి కాగితాలు సర్దుకున్నారు. ఆంటీ, పాట స్టార్ట్ ఎప్పుడండీ అని అడిగాను. అయిపోయింది కదా అందావిడ. నోరు వెళ్ళబెట్టాను. అదే పాట, అందులో నా వంతు ఆ ఒక్క స్వరమే.

ఆ పాటలన్నీ ఒకే మనిషి కట్టినవి. ఎక్కడో జర్మనీలో ఒక పల్లెటూళ్ళో బడిపంతులు. ఆంటీ తాతగారు ఆయన దగ్గర చదువుకున్నవాడు, ఓడెక్కి వస్తూ ఆ పాటల్ని పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఆ పాటగుంపు తప్ప ప్రపంచంలో ఆయన్ని పాడేవాళ్ళు ఎవరూ లేరని ఆంటీ అనేది, జర్మనీలో కూడా ఎవరికీ తెలియదట. పేరు నాకు సరిగ్గా పలకడం వచ్చేది కాదు, అందుకని జర్మన్ మాస్టారు అనేదాన్ని. ఆ మాట ఆంటీకి నచ్చి చివరికి తనూ "మాస్టారు" అనడం నేర్చుకుంది.

కారులో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆయన కథ కొంచెం కొంచెంగా చెప్పేది. బడి మేడ మీదే కాపురం. పొద్దున లేచి చర్చి గంట కొట్టాలి, పిల్లలకి చదువు చెప్పాలి, ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించాలి, సాయంత్రం రైతుల్ని పోగేసి పాటలు నేర్పాలి, ఇవన్నీ చేస్తేనే ఇల్లూ జీతమూ. ఏటేటా చదువు ముగించి ఊరు దాటే పిల్లల కోసం ఆయన ఒక కొత్త పాట కట్టేవాడు, పోయిరండమ్మా అని సాగనంపే పాట. ఒకసారి పట్నంలో పెద్ద పాటగుంపు నడపడానికి రమ్మని ఆయనకి కబురొచ్చిందట. మీరు వెళ్తే గంటెవరు కొడతారు, ఇంకో మాస్టారు దొరికాక వెళ్ళండి, వచ్చే ఏడు చూద్దాం అన్నారట ఊరిపెద్దలు. వచ్చే ఏడు కూడా వచ్చే ఏడే అన్నారు. ఇల్లు వదిలేసి భార్యాపిల్లలతో ఎక్కడికి పోతాడు? ఊరు దాటే పిల్లలందరికీ పాటలు కట్టి ఇచ్చి, తాను మాత్రం గంట కొట్టుకుంటూ ఉండిపోయాడు మహానుభావుడు. అది విన్నరోజు కారులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా ఇంట్లోనూ గ్రీన్‌కార్డు మాట ఎత్తితే వచ్చే ఏడు అనే వినపడేది మరి.

అంతా బాగానే ఉంది గానీ, కొన్నాళ్ళకి ఆ ఒక్క స్వరం నా ప్రాణానికొచ్చింది. పై గొంతు వాళ్ళు హాయిగా ఎక్కుతారు, దిగుతారు, మగవాళ్ళు కింద గంభీరంగా నడుస్తారు, నేనేమో పా పా పా పా అని రాతిస్తంభంలా నిలబడాలి. పంచమాన్ని కదిలించకూడదని మాకూ తెలుసు, కానీ దాన్ని అందుకునేటప్పుడు కింద నుంచి కాస్త జారుగా వస్తేనే కదా అందం, ఆ జారు కూడా వేయనిచ్చేది కాదు ఆంటీ. వేలెత్తి సూటిగా, సూటిగా అనేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, మీ మాస్టారికి ఆల్టో అంటే ఎందుకంత కక్ష అని. కక్ష కాదు, జాలి అంది. ఆ ఊళ్ళో కింది గొంతు పాడే ఆడవాళ్ళు పాలు పితికి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవాళ్ళట, సాధన చేసే తీరిక వాళ్ళకి లేదని ఒక్క స్వరం ఇచ్చాడట. పైగా మీరు నిలబడబట్టే మిగతావాళ్ళు పడిపోకుండా ఉన్నారు అంది. ఒళ్ళు మండింది నాకు. మావారూ సరిగ్గా అదే అనేవారు, నువ్వుండబట్టే ఇల్లు నడుస్తోంది అని. నిలబడేవాళ్ళని ఒక్కసారైనా మీకూ కదలాలని ఉందా అని అడిగిన పాపాన ఎవరైనా పోయారా? ఆ మాటే అన్నాను. ఆంటీ ఎర్ర లైటు దగ్గర కారు ఆపి నావైపు చూసి పకపకా నవ్వింది. గుంపు నడపడం మొదలెట్టేదాకా తనూ ఆల్టోయేనట.

అలా ఏడెనిమిదేళ్ళు గడిచాయి. ఆంటీ చేతికి వణుకు మొదలైంది. తాళం వేస్తుంటే చెయ్యి ఒకటి చెబుతుంది, మనసు ఇంకోటి చెబుతుంది, పాడేవాళ్ళు తికమకపడేవాళ్ళు. ఒక గురువారం క్లబ్బు వాళ్ళందరి ముందూ నన్ను చూపించి, ఈ గుంపు ఇకమీదట ఈవిడ నడుపుతుంది, ఈవిడ టీచరు అంది. ఇంగ్లీషులోనే అన్నా నాకు అచ్చం తెనాలి బజారులో ఎవరో టీచరుగారూ అని పిలిచినట్టే వినపడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషం ఇంటికొచ్చేదాకానే. గుంపు నడిపేవాళ్ళకి క్లబ్బు జీతమిచ్చేది. జీతం వద్దు, ఊరికే చేస్తానన్నాను. మావారు ఎవరో లాయర్ని అడిగి వచ్చారు, జీతమిచ్చే పని ఊరికే చేసినా తప్పేనట.

"ఎవడైనా కంప్లైంట్ చేస్తే స్టేటస్ పోతుందే. ఇన్నేళ్ళ వెయిటింగ్ అంతా వేస్ట్ అయిపోతుంది. ఇంకొక్క ఇయర్ ఓపిక పట్టు, ప్లీజ్."

ఆయన్ని తప్పు పట్టలేను. పాప చదువు, ఇంటి లోను, అన్నీ ఆ గ్రీన్‌కార్డు కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి, ఆయన మాత్రం ఏ కంపెనీకి మారగలిగారు గనక, ఆ ఆఫీసు కుర్చీకి ఆయనా కట్టుబడే ఉన్నారు. అయినా ఆ పూట అన్నం సహించలేదు. తలుపు తెరిచి ఉంది, రమ్మని పిలుస్తున్నారు, గడప మాత్రం దాటడానికి లేదు. మర్నాడు ఆంటీకి ఎలాగో చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నెక్స్ట్ ఇయర్, మాస్టారు," అంది. అంతే, ఇద్దరం కలిసి ఏడ్చాం.

గుంపు నడపడానికి ఇంకెవరూ దొరకలేదు. ఆ వేసవిలో ఆఖరి కచేరీ పెట్టుకుని, మాస్టారి సాగనంపే పాటలు వరసగా పాడాం. వినడానికి వచ్చినవాళ్ళకంటే పాడేవాళ్ళమే ఎక్కువమంది ఉన్నామేమో. ఆ కిర్రుమనే పలక మీద నిలబడి నేను నా పంచమాన్ని పట్టుకున్నాను, సూటిగానే. ఆఖరి పాటకి మాత్రం నాకు తెలియకుండానే కింద నుంచి జారుగా అందుకున్నాను. ఆంటీ వేలు లేవలేదు. తరువాత వాళ్ళబ్బాయి వచ్చి ఆవిడని ఒహాయో తీసుకెళ్ళాడు, కొన్నాళ్ళు ఫోన్లు, ఆ తరువాత అవీ లేవు. రెండువేల పదిహేనులో మాలాంటి వాళ్ళకి వర్క్ పర్మిట్ ఇస్తామన్నారు, నాకూ వచ్చింది. అప్పటికి క్లబ్బుకి తాళం పడింది. ఇప్పుడు ఇంట్లోనే చుట్టుపక్కల పిల్లలకి గీతాలు, వర్ణాలు చెబుతున్నాను, వాళ్ళు నన్ను మ్యూజిక్ ఆంటీ అంటారు.

సరే, మొన్నటి సంగతి. శ్రీమంతంలో గాజులు తొడగడం అయ్యాక, పాడమని అందరూ నన్ను ముందుకు తోశారు. అక్కడున్న పడుచు పిల్లల్లో సగంమంది మా వీసా మీద వచ్చినవాళ్ళే, కానీ ఒకళ్ళు టెస్టింగు ఉద్యోగమంటారు, ఒకళ్ళు బ్యాంకంటారు, మీటింగుందని పక్కకెళ్ళి ఫోను మాట్లాడి వస్తారు. వాళ్ళని చూస్తే కళ్ళు చల్లబడతాయి, గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది కూడా. నేను వెళ్ళి ఆ పలక మీదే నిలబడ్డాను. మంగళహారతి పాడదామనే నోరు తెరిచాను, కానీ వచ్చింది అది కాదు. ఆంటీ నేర్పిన ఆ ఒక్క స్వరం, దానికింద నేనెన్నడూ సరిగా పలకలేకపోయిన ఆ జర్మన్ మాటలు వదిలేసి, ఉత్త అకారంతో. ఎక్కే పై గొంతు లేదు, నడిచే మగగొంతులు లేవు. అవి నాకు రావు, ఎన్నేళ్ళు విన్నా నా వంతే నాకొచ్చు. ఈ భూమ్మీద మాస్టారి పాటల్లో ఇక మిగిలింది ఆ వంతే కాబోలు.

పాట అయ్యేదాకా పట్టుకున్నాను. అందరూ మర్యాదగా చూస్తున్నారు. శ్రీమంతం పిల్ల కుర్చీలోంచే నవ్వుతూ అంది:

"శ్రుతి కుదిరిందా ఆంటీ? ఇంక పాట స్టార్ట్ చేయండి."