అద్దాలు మోగితే ఆమ్లెట్

మా బావ వైమానిక స్థావరం క్యాంటీన్లో వంటవాడు. నేను ఆయన దగ్గర ఉల్లిపాయలు తరిగేవాణ్ణి. చల్లారిన ఆమ్లెట్ వడ్డించడమంటే ఆయనకు ఒళ్ళు మంట. "అది తిండి కాదురా, అట్టముక్క" అనేవాడు.

అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సైనికులను తెచ్చే రవాణా విమానం దిగే ముందు మా వంటగది మీదుగానే వెళుతుంది. కిటికీ అద్దాలు గడగడలాడగానే పెనం మీద గుడ్డు పడాలి. వాళ్ళు దిగి నడిచొచ్చేసరికి పళ్ళెంలో పొగలు కక్కుతుండాలి. పదకొండేళ్ళలో ఒక్కరోజూ ఆ అంచనా తప్పలేదు.

ఆ ఉదయం పొగమంచు. ఇరవై ఇద్దరు వస్తున్నారని ఫోన్ వచ్చింది. అద్దాలు మోగాయి. బావ నాలుగో గుడ్డు పెనం మీద వేస్తుండగా రన్‌వేకి ఇవతలే నేల అదిరింది. అందరం పరిగెత్తాం. మంటల దగ్గరికి కూడా పోలేకపోయాం. ఒక్కరూ బతకలేదు.

తిరిగొచ్చేసరికి ఆమ్లెట్లు మాడి బొగ్గయ్యాయి. బావ ఆ పెనాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, సాయంత్రం దాకా తనే తోముతూ కూర్చున్నాడు. తప్పెవరిదో తేల్చడానికి వచ్చిన పెద్దలు వారం రోజులు మా టీ తాగి వెళ్ళారు. ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు.

విమానాలు ఇప్పటికీ మా కప్పు మీదుగానే దిగుతున్నాయి. అద్దాలు మోగితే బావ గుడ్డు చేత్తో పట్టుకుని గుమ్మం వైపు చూస్తూ నిలబడతాడు. మొన్న విమానం దిగొచ్చిన కొత్త ఆఫీసరొకడు ఆకలితో విసుక్కున్నాడు.

"మేం వస్తున్న చప్పుడు వినబడలేదా?"

"వినబడింది సార్," అన్నాడు బావ, గుడ్డు పగలగొడుతూ. "వినబడితే సరిపోదు. గుమ్మంలో కనబడాలి."