నలభై ఒకటో రోజు కాఫీ

ఆరేళ్ళ తర్వాత మా వంటింటి కేలండరు మీద మళ్ళీ సున్నా చుట్టాను. ఆషాఢ బహుళ సప్తమి, గురువారం. ఆ పొద్దున్న పెరట్లో బట్టలారేస్తూ నా తోటికోడలు దగ్గరికొచ్చి, "అక్కయ్యా, మళ్ళీ కనపడింది" అంది.

మా అత్తగారు పోయాక ఆ కేలండరు నా చేతికొచ్చింది. నా నెలసరి తేదీకి ఇంటూ గుర్తు, నా తోటికోడలిదానికి సున్నా. వంట ఎవరిదో, వ్రతం ఏ వారం పెట్టుకోవాలో ఆ గుర్తుల్ని బట్టే నడిచేది. ముందు నా ఇంటూలు ఆగిపోయాయి. ఆమె యాభై రెండో ఏట సున్నాలు కూడా ఆగాయి. అప్పటినుంచి కేలండరు మీద గ్యాస్ మార్చిన తేదీ, పాలు రాని రోజు తప్ప నేను రాయడానికేమీ లేదు.

ఆమె మొగల్తూరు నుంచి మా రామచంద్రపురం ఇంటికి పందొమ్మిదో ఏట వచ్చింది. వచ్చిన రెండో రోజే మా అత్తగారిని, "ఇక్కడ కాఫీ ఎన్నింటికండి?" అని అడిగిన పిల్ల. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఒకే పొయ్యి దగ్గర బతికాం. ఇద్దరం కూర్చుని తాగేది మాత్రం పొద్దున్న ఆరింటి కాఫీ ఒక్కటే. ఆ తర్వాత నాకు మధ్యాహ్నం ఒకటి. ఆమెకి రోజుకి ఐదు గ్లాసులు. నేను లెక్కపెట్టేదాన్ని.

ఆ ఏడాది వేసవి నుంచే ఆమెకి ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవి. మొహం ఎర్రబడి, పైట చెంగుతో విసురుకునేది. నిద్ర సరిగ్గా పట్టేది కాదు. ఎవరో ఒకావిడ ఫోన్లో చెబుతుంటే విన్నాను, కాఫీ ఆడవాళ్ళ హార్మోన్లని అటూ ఇటూ చేస్తుందని. మా అమ్మ ఆ మాటే ఇంకోలా చెప్పేది: కాఫీ వేడి. రెండు మాటలూ కలిసేసరికి నాకు ఇంక అనుమానం లేదు. రక్తం కనపడింది కూడా ఆ వేడికే అనుకున్నాను. డాక్టరు అన్న మాట నా నోటా రాలేదు, ఆమె నోటా రాలేదు. ఈ వయసులో ఆ సంగతి ఎవరికో చెప్పుకోవడం ఇద్దరికీ సిగ్గే.

"నలభై రోజులు కాఫీ బంద్" అన్నాను. "నలభై రోజులూ ఏమీ కనపడకపోతే నలభై ఒకటో రోజు నేనే కలిపిస్తాను. మధ్యలో కనపడిందా, లెక్క మళ్ళీ మొదటికి."

"అయ్యప్ప దీక్షలా ఉందే! ఇరుముడి కూడా కడతావా అక్కయ్యా?"

"నోరు మూసుకుని నేనిచ్చింది తాగు."

నేనిచ్చింది ధనియాల కాఫీ. గ్లాసుడు ధనియాలు, రెండు చెంచాల జీలకర్ర, బొటనవేలంత శొంఠి కొమ్ము వేయించి పొడి కొట్టేదాన్ని. గ్లాసు నీళ్ళకి చెంచాడు పొడి, బెల్లం. దించాక పాలు. మొదటి గుక్కకే ఆమె మొహం ముడుచుకుంది.

"ఇదేంటక్కయ్యా, చారులో పాలు పోసినట్టుంది. ఇందులోకి అప్పడం కూడా వేయించు."

తొమ్మిదో రోజున మళ్ళీ కనపడిందని చెప్పింది. సున్నా చుట్టి, లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టాను. పదహారో రోజున, శ్రావణ బహుళ విదియ నాడు, మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఒకటి. ఆ సాయంత్రం మా మరిది తాగిన కాఫీ గ్లాసు కడుగుతూ ఒక్క నిమిషం వాసన చూసింది. నేను చూసి, "దొంగా" అన్నాను. నవ్వింది.

ఆ తర్వాత నేను రోజూ పొద్దున్నే అడిగేదాన్ని, "ఏమైనా ఉందా?" అని.

"ఏం లేదక్కయ్యా."

నిద్ర బాగా పడుతోందనేది. ఆవిర్లు తగ్గాయనేది. అవి నిజమే, నేనూ చూశాను. అవి నిజం కాబట్టి ఏం లేదన్న మాటా నిజమనుకున్నాను. వినాయక చవితికి ఉండ్రాళ్ళు తనే చుట్టింది. నలభై రోజులూ ఖాళీ గళ్ళే. నలభై ఒకటో రోజు కొత్త పొడి వేసి ఫిల్టరు నింపాను. చిక్కటి డికాషన్, అప్పుడే కాచిన పాలు. ఆమె రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుని తాగింది. "చూశావా, నా మాట వింటే ఎలా ఉంటుందో" అన్నాను. తల ఊపింది.

కార్తీకంలో ఒక పొద్దున్న పెరటి మెట్ల మీద తూలి పడింది. లేపి చూస్తే పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా మరిది కారులో రాజమండ్రి తీసుకెళ్ళాం. వెళ్ళేముందు మేకు నుంచి కేలండరు తీసి చుట్టి చంకలో పెట్టుకున్నాను. డాక్టరు చిన్నావిడే. కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసి, "ఇంత వివరంగా ఎవరూ రాసుకుని రారండీ" అంది. నాకు సంతోషమేసింది. ఆ సంగతి దాచను.

"అయితే శ్రావణం తర్వాత ఏమీ లేదా అమ్మా?"

"బహుళ విదియ తర్వాత లేదండి" అన్నాను నేను.

"ఉందండి" అంది నా తోటికోడలు.

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె నా వైపు చూడలేదు. కేలండరు వైపే చూస్తూ, "లెక్క మళ్ళీ మొదటికొస్తుందని చెప్పలేదక్కయ్యా" అంది.

పరీక్షలయ్యాక గర్భసంచిలో క్యాన్సరని, బయటికి కూడా పాకిందని చెప్పారు. నేను డాక్టర్ని ఒక్కటే అడిగాను, "కాఫీ వల్లనాండీ?"

"కాదండి మామ్మగారూ. కాఫీకి కొందరిలో ఆవిర్లు ఎక్కువవుతాయి, నిద్ర చెడుతుంది. మానిపించారు, అంతవరకు మంచిదే. కానీ నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనపడినా అది వేడి అనుకోకూడదు, చూపించుకోవాలి. మొదటి సున్నా నాడే రావాల్సిందండి."

మొదటి సున్నా నుంచి ఆ రోజుకి నూట పదిహేడు రోజులు. కారులో వస్తూ లెక్కపెట్టాను.

ఆపరేషనూ అయింది, మందులూ ఎక్కించారు. ఇంటికొచ్చాక రోజూ ఆరింటికి నేనే కాఫీ కలిపి మంచం దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. అడ్డు చెప్పేవాళ్ళెవరూ లేరు. ఐదు కాదు, పది గ్లాసులైనా ఇచ్చేదాన్ని. ఆ మందులకి కాఫీ వాసన తగిలితేనే ఆమెకి వాంతి వచ్చేది. నాలుగో రోజున గ్లాసు పక్కకి జరిపి, "నీ చారే పెట్టక్కయ్యా" అంది. ధనియాలు వేయిస్తూ మంట తగ్గించడం మర్చిపోయాను. మాడిపోయాయి. మళ్ళీ వేయించాను.

ఒక మధ్యాహ్నం కాస్త తేరుకుని, కేలండరు తెమ్మంది. "నీ లెక్క తప్పుగా ఉంది కదా, సరిచేసుకో" అంది. నాకు ఇష్టం లేదు. అయినా తెచ్చాను. గుర్తున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. శ్రావణమాసం ఆఖరి శుక్రవారం. మరిది పుట్టినరోజు. గేదె ఈనిన మర్నాడు. ఆమె చెప్పడం, నేను సున్నా చుట్టడం.

"వినాయక చవితి నాడు కూడా" అంది. "ఆ చేతుల్తోనే ఉండ్రాళ్ళు చుట్టాను. దేవుడు కోప్పడ్డాడంటావా?"

"ఆయనకి నీ మీద కోపమెందుకే? ఉంటే నా మీద ఉండాలి."

"నీ మీద ఎందుకు? నువ్వు రోజూ అడిగావుగా."

అడిగాను. నలభై రోజులూ అడిగాను. నిజం చెబితే ఏం పోతుందో కూడా ముందే చెప్పి మరీ అడిగాను.

పదమూడు సున్నాలయ్యాయి. ఇంక పెన్ను మూత పెట్టబోతూ అడిగాను, "నలభై ఒకటో రోజు?"

"ఆ రోజు కూడా" అంది. "కాఫీ మాత్రం చాలా బాగుందక్కయ్యా."

పద్నాలుగోది చుట్టాను.

ఆమె ఫాల్గుణ బహుళ తదియ, శుక్రవారం పొద్దున్న ఆరూ పదికి పోయింది. కొత్త ఏడాది కేలండరులో ఆ గడి మీద నేనేమీ రాయలేదు.