తల్లీ అని పిలిచింది బోల్టునే

హనుమాన్ జంక్షన్‌లో మా పాత జీపు బాగుచేసే మెకానిక్, తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టును "తల్లీ" అని పిలిచేవాడు. డీజిల్ పోసి, సుత్తితో మెల్లగా తట్టి, "రా తల్లీ, తొందరేం లేదు" అని బతిమాలేవాడు. భార్యను మాత్రం "ఒసే" అనేవాడు.

ఆ రోజు ఒక బోల్టు ఊడకుండా ఊరికే తిరుగుతోంది. అతని భార్య జీపు కింద పడుకుని, అవతలి నట్టును స్పానర్‌తో పట్టుకుంది. అతను బలంగా తిప్పేసరికి స్పానర్ జారి ఆమె వేలు నలిగింది. కేక పెట్టింది.

"ఒసే, వదిలావంటే చంపేస్తా!"

ఆమె మళ్లీ పట్టుకుంది. బోల్టు వచ్చింది. అతను దాన్ని గుడ్డతో తుడిచి, "చూడండి, త్రెడ్డు ఎక్కడా పాడవలేదండీ" అని నా చేతిలో పెట్టాడు.

వేలికి కొంగు చుట్టుకుంటూ ఆమె బయటికి వచ్చింది. ముసునూరులో మా తోటలో కోసిన మామిడికాయలు ఈ జీపు కోసం ఎండలో ఉన్నాయి.

"సాయంత్రానికి బండి అయిపోద్దా?" అన్నాను నేను.