నీలం చెవి కుక్కపిల్ల

కుక్కలకు నేర్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని పదేళ్ళప్పుడు గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పటికీ నమ్ముతాను. మధ్యలో ఒక్కసారి మాత్రం ఆ నమ్మకం చేత గుంజీలు తీయించింది ఒక కుక్కపిల్ల.

అరవయ్యో దశకం మొదట్లో వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో సగం మగ్గమే. కుడివైపు బాపు, ఎడమవైపు అమ్మ, ఒకే పలక మీద కూర్చుని నేసేవాళ్ళు. మిగిలిన సగంలో మేము తినడం, పడుకోవడం, పోట్లాడుకోవడం. వీధి చివర నూలుకు రంగులు వేసే ఇంటి పెరట్లో ఒక కుక్క పిల్లల్ని పెడితే, వాటిలో ఒకదాన్ని ఒళ్ళో వేసుకుని తెచ్చేశాను. దాని ఎడమ చెవికి నీలం రంగు అంటుకుని ఉంది. ఎంత కడిగినా పోలేదు. మా వాడ రంగులు అంత గట్టివి మరి.

బాపు దాన్ని చూసి ఒకటే మాట అన్నాడు.

"పేరు గీరు పెట్టకు బిడ్డా. పేరు పెట్టినంక పంపుడు కష్టమైతది."

అంటే పంపే ఆలోచన ఉందన్నమాట. నేను బుద్ధిమంతురాలిలా తల ఊపి, పెరట్లోకి తీసుకెళ్ళి దాని నీలం చెవిలో పేరు చెప్పేశాను.

ఇక చదువు మొదలైంది. పిలవగానే రావడం మొదటి పాఠం. పిలిస్తే అది ఆకాశం వైపు చూసేది. అప్పుడు నాకు అటక మీద పడి ఉన్న పాత పంజా గుర్తొచ్చింది. పంజా అంటే పేక దారాన్ని బిగించి కొట్టే ఇనుప పనిముట్టు, చేతివేళ్ళలాగా పళ్ళుంటాయి. దాన్ని బట్టలుతికే రాయి మీద టంగుమని కొట్టి, జొన్నరొట్టె ముక్క పెట్టాను. మళ్ళీ కొట్టి, మళ్ళీ పెట్టాను. మూడో రోజుకు అది పెరట్లో ఏ మూలనున్నా పంజా చప్పుడు వినగానే చెవులు వెనక్కి పడేసి పరుగెత్తుకొచ్చేది. ఇరుగుపొరుగు పిల్లల్ని పిలిచి చూపించాను. నా అంతటిది లేదనుకున్నాను.

ఆ రోజుల్లో బాపు మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కిస్తున్నాడు; నేత లేదు. కనుక మా ఇంట్లో పంజా మోగలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఐదో రోజు పొద్దున బాపు నేత మొదలుపెట్టి పంజా ఎత్తి కొట్టాడు. పెరట్లోంచి కుక్కపిల్ల బాణంలా దూసుకొచ్చి, గడప దాటి, బురద కాళ్ళతో పడుగు మధ్యలోకి దూకింది. గోళ్ళు దారాల్లో చిక్కుకుని గింజుకుంటుంటే నాలుగు పోగులు తెగిపోయాయి. అయినా తోక ఊపుతూ బాపు ముఖంలోకి చూస్తోంది, రొట్టె ఏదని.

"గిది సీదా మగ్గం మీదికే ఎందుకొచ్చింది? ఎవలు నేర్పిండ్రు దీనికి?" అన్నాడు బాపు.

 నా బదులు నా చేతిలో ఉన్న పాత పంజా జవాబు చెప్పింది.

తెగిన పోగులు ముడివేస్తూ బాపు తీర్పు చెప్పాడు. "ఈ జంపఖానా దిగేదాక చూస్త. మల్లొక్కసారి పడుగు మీదికొచ్చిందో, మీ మామ బండిల కేసముద్రం పోతది. ఏడ్సినా ఇన."

జంపఖానా నేయడం పూర్తయి మగ్గం దిగడానికి పది పన్నెండు రోజులు. బాపు అన్నాడంటే చేస్తాడు. నాకు అన్నం సహించలేదు. కుక్కపిల్లను తాడుతో కట్టేస్తే పంజా మోగినప్పుడల్లా ఏడుపు. ఆ ఏడుపుకు బాపు జంపఖానా చారల లెక్క తప్పేవాడు. ఇక కోపమొచ్చి పిచ్చిదానా, బుద్ధిలేనిదానా అని దాన్ని తిట్టాను.

అమ్మ పలక మీద నుంచే అంది. "నువ్ చెప్పిందే గద అది చేసింది. దాన్నెందుకు తిడ్తానవ్, పంతులమ్మా?"

సిగ్గేసింది. నిజమే, పాఠం అది బాగానే నేర్చుకుంది, తప్పు చెప్పింది నేను. అయితే పంజా చప్పుడును ఇప్పుడు మరిపించడం నావల్ల కాదు, నేసే ఇంట్లో అది ఆగేది ఎన్నాళ్ళు గనక! చప్పుడు అంటే రొట్టె అనే ఉండనీ, రొట్టె దొరికే చోటు మాత్రం గడప బయటే అని తేల్చుకున్నాను.

బడి లేని వేళంతా గడప మీదే కూర్చున్నాను; బడి వేళ ఆ కాపలా అమ్మ చూసుకునేది. పంజా మోగగానే అది ఉరికొచ్చేది. కాలు లోపలికి పెడితే ఏమీ లేదు. బయట కుదురుగా కూర్చుంటే నా రొట్టెలోంచి ఒక ముక్క. మొదట ఒక దెబ్బకు ఒక ముక్క, తర్వాత పది దెబ్బలకు ఒకటి, ఆ తర్వాత ఒక చార పూర్తయ్యేదాకా ఒకటే. అమ్మ నాకోసం పంజాను కావాలని ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా కొట్టేది. బాపు చూసీ చూడనట్టు నేసుకునేవాడు.

జంపఖానా జానెడు మిగిలిన రోజు బడి నుంచి వస్తుంటే వీధి మొగదలకే మా పంజా వినబడింది. మామూలుగా కాదు, ధన్ ధన్‌మని. అమ్మ బిందెతో నల్లా దగ్గర కనిపించింది. అంటే ఇంట్లో బాపు, కుక్కపిల్ల ఇద్దరే. గడప దగ్గర నేను లేను. పలక సంచి పట్టుకుని పరుగెత్తాను. ఇక అంతా అయిపోయింది, పేరు పెట్టకుండా ఉంటే బాగుండేది అని దారి పొడుగునా అనుకున్నాను.

కుక్కపిల్ల గడప బయటే కూర్చుని ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది, నోటి నుంచి చొంగ కారి ముందు కాళ్ళు తడిసిపోయాయి. కానీ కూర్చునే ఉంది. బాపు పడుగు మీద కొత్త పేక వేయకుండానే, నేసిన అంచు మీదే పంజా కొడుతూ దాన్నే చూస్తున్నాడు. పరీక్ష పెడుతున్నాడు!

నన్ను చూసి ఆపాడు. పక్కనున్న గిన్నెలోంచి రొట్టె తుంచి చేయి చాచాడు. "ఇగ రా. ఏమనను, రా."

అది లేవలేదు. తల తిప్పి నా ముఖంలోకి చూసింది.

"నీ కుక్క నా మాట ఇంటలేదు," అన్నాడు బాపు. ఆ మాటలో కోపం లేదు. నేత మధ్యలో ఎవరికోసమూ లేవని మనిషి మగ్గం దిగి వచ్చి, గడప మీద కూర్చుని రొట్టె దాని నోటికి అందించాడు. నీలం చెవి నిమిరాడు.

"దీని పేరేంది?"

"నువ్ పెట్టద్దంటివి గద బాపూ."

"అన్న. నువ్ పెట్టకుంట ఉన్నవా?"

చెప్పాను. బాపు ఆ పేరుతో దాన్ని ఒకసారి పిలిచాడు, బాగుందో లేదో చూసుకుంటున్నట్టు మళ్ళీ ఒకసారి పిలిచాడు. అన్ని రోజులు ఏడవనిదాన్ని, అప్పుడు గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.