శనికి కూర్చునే జాగా లేదు

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న నేను, పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయడానికి సిద్ధమవుతున్న రోజులవి. హుజూర్‌నగర్‌లో మా ఇంట్లో మగ్గం పక్కనే పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని.

ఈ వయసులో పరీక్షేమిటని అనుమానం వచ్చిన మా అత్తమ్మ, నన్ను జాతకాలు చెప్పే అయ్యగారి దగ్గరకు తీసుకుపోయింది.

"ఏలినాటి శని నడుస్తాంది. నీ నెత్తి మీద కూచున్నడు. ఏడున్నరేండ్లు పరీక్ష మాట ఎత్తకమ్మా" అన్నాడాయన.

 ముందురోజు చదివిన పాఠం నా నోట్లోంచి దూకింది. "శని మీద నిలబడనీకే గట్టి నేల లేదు అయ్యగారూ! బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు రాతి గ్రహాలు. గురుడు, శని చూడనీకి పెద్దగుంటరు గని పైనంత గాలే. ఇగ నా నెత్తి మీదేం కూచుంటడు?"

వరుసలో ఉన్నవాళ్లంతా కిసుక్కున నవ్వారు. అయ్యగారు కళ్లజోడు తీశాడు.

"అయితే కుజుడు రాయే అంటవ్?"

"రాయే."

"నీకు కుజుడు గూడ బాగలేడు. రాయి గదా, తగిలితే గట్టిగనే తగుల్తది."

ఈసారి నవ్వు నా మీద. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అత్తమ్మ కొంగు దులుపుకుని లేచింది. "గింత చదివినంక ఆపుడెందుకు? రాయనీ అయ్యగారూ. ఫెయిలైతే తప్పు కుజుని మీదికి తోద్దం."

రాశాను. సైన్సు గట్టెక్కింది, లెక్కల్లో తప్పాను. ఫలితాలొచ్చిన రోజు అత్తమ్మ వాకిట్లో నిలబడి కుజుణ్ణి తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి. పాపం, ఆయనేం చేశాడు? ఎక్కాలు రానిది నాకు.